తెర ఆపినా పని ఆగదు!

మౌస్ ముట్టుకోరు. తెరమీద ఏముందో కనిపించదు. అయినా ఉత్తరాలు టైపు చేస్తారు, లెక్కలు సరిచూస్తారు, మెయిల్ పంపిస్తారు. ఒక ప్రోగ్రామ్‌లోంచి ఇంకో ప్రోగ్రామ్‌లోకి చకచకా వెళ్లొస్తారు. వాళ్లకి దారి చూపించేవి రెండే... కీబోర్డూ, చెవులూ! మనం రోజూ యథాలాపంగా నొక్కేసే ఆల్ట్, ట్యాబ్ కీల వెనక ఇంత కథ ఉందా అనిపిస్తుంది, వాళ్లు పనిచేసే తీరు చూస్తే.

ఈ ఆదివారం ఇంట్లో ఓ చిన్న పరీక్ష పెట్టుకోండి. కంప్యూటర్ ఆన్ చేసి వర్డ్‌నీ ఎక్సెల్‌నీ తెరవండి. మౌస్ వైరు పీకేసి పక్కన పెట్టండి. తర్వాత మానిటర్ స్విచ్చి ఆపేయండి. సీపీయూ మాత్రం నడుస్తూనే ఉండాలి. ఇప్పుడు వర్డ్‌లో ఓ ఉత్తరం మొదలుపెట్టి, మధ్యలో ఎక్సెల్‌లోకి వెళ్లి కిందటి నెల కరెంటు బిల్లు ఎంతో చూసి, మళ్లీ ఉత్తరంలోకి వచ్చి ఆ అంకె వేసి, సేవ్ చేయండి.

రెండు నిమిషాలకే చిరాకొచ్చేస్తుంది. కొట్టిన అక్షరాలు ఉత్తరంలో పడ్డాయో లెక్కల్లో పడ్డాయో తెలీదు. మెనూ తెరుచుకుందో లేదో తెలీదు. ‘సేవ్ చేయాలా, వద్దా’ అని కంప్యూటర్ అడిగినా మనకు వినపడదు. కళ్లకు గంతలు కట్టి కొత్త ఊళ్లో వదిలేసినట్టుంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షల మందికి పైనే. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు. మనకు రెండు నిమిషాలు కూడా సాగని ఆ పరీక్షలో వాళ్లు రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని నెగ్గుతున్నారు. ఆ పరీక్ష మీదే వాళ్ల జీతం, ఇల్లు గడవడం ఆధారపడి ఉన్నాయి.

ఒకటి మూస్తేనే ఇంకోటి!

పాటలు వింటూ, మెయిల్ చూస్తూ, ఉత్తరం రాసుకోవడం ఇప్పుడు మనకు మామూలే. కానీ ఒకే కంప్యూటర్‌లో నాలుగైదు ప్రోగ్రాములు తెరిచిపెట్టుకునే సౌకర్యం ఒక్కరోజులో రాలేదు.

1968 డిసెంబర్ 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు మౌస్‌ని తొలిసారి నలుగురి ముందు వాడి చూపించాడు. ఆ తర్వాత 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో ఇంకో ఆలోచన వచ్చింది. బల్లమీద కాగితాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి కదా, కావలసిన కాగితాన్ని పైకి లాక్కుంటాం కదా... తెరమీద కూడా అలాగే ఉంటే? ఒక కిటికీ మీద ఇంకో కిటికీ కనిపించే పద్ధతి అలా పుట్టింది. తెరని ‘డెస్క్‌టాప్’ అని పిలవడం వెనక ఉన్నదీ ఈ పోలికే.

అయితే ఆలోచన ఉన్నా దానికి తగ్గ మెమరీ ఉండాలిగా! 1984లో వచ్చిన ఆపిల్ మెకింటోష్‌లో ఉన్న మెమరీ 128 కిలోబైట్లు. దాంతో ఒకసారి ఒకే ప్రోగ్రామ్ నడిచేది. ఓ బొమ్మ గీసి ఉత్తరంలో పెట్టాలంటే బొమ్మని కాపీ చేసి, బొమ్మల ప్రోగ్రామ్‌ని మూసేసి, ఉత్తరాల ప్రోగ్రామ్‌ని తెరిచి, అప్పుడు అతికించాలి. బొమ్మ బాగా రాలేదా... మళ్లీ మూయడం, మళ్లీ తెరవడం. ఈ బాధ తప్పించడానికి మెకింటోష్ సృష్టికర్తల్లో ఒకరైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ‘స్విచర్’ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. 1985లో వచ్చిన ఆ స్విచర్‌తో పైనున్న బాణం గుర్తు నొక్కితే చాలు, ఒక ప్రోగ్రామ్ పక్కకి జరిగి ఇంకోటి వచ్చేది.

అదే ఏడాది నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ తొలి విండోస్ వచ్చింది. అందులో కిటికీలు నేలమీద పరిచిన పలకల్లా పక్కపక్కనే ఉండేవి. ఒకదానిమీద ఒకటి వచ్చే సదుపాయం 1987లో రెండో విండోస్‌తో మొదలైంది. 1992 నాటి విండోస్ 3.1లో ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే తెర మధ్యలో చిన్న పెట్టె కనిపించి, వెళ్లబోయే ప్రోగ్రామ్ పేరు చూపించేది. ఇప్పటికీ మన వేళ్లు వాడుతున్నది ఆ జంట కీలనే.

కిటికీ కింద కిటికీ మాయం

కిటికీలు ఒకదానిమీద ఒకటి రావడం చూసేవాళ్లకి ముచ్చటగా ఉన్నా కొత్తవాళ్లని మాత్రం తికమక పెట్టింది. విండోస్ 95 తయారీలో భాగంగా మైక్రోసాఫ్ట్ నిపుణులు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి పరిశీలించినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఒక కిటికీ వచ్చి ఇంకోదాన్ని కప్పేస్తే, కిందది పోయిందనుకునేవారు. చిన్నది చేసి పక్కన పెడితే మూసేశామనుకునేవారు. పోయిందనుకున్న ప్రోగ్రామ్‌ని మళ్లీ మొదట్నుంచీ తెరిచేవారు. అలా ఒకే ప్రోగ్రామ్ నాలుగైదు చోట్ల తెరుచుకుని, పాపం కంప్యూటర్ నీరసించిపోయేది.

దానికి విరుగుడుగా వచ్చిందే తెర అడుగున ఉండే టాస్క్‌బార్. తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కీ అక్కడో బిళ్ల ఉంటుంది. పైన ఎన్ని కిటికీలు కప్పేసినా ఆ బిళ్ల కనిపిస్తూనే ఉంటుంది. టీవీలో ఛానెల్ మార్చినంత తేలిగ్గా ప్రోగ్రామ్ మారాలన్నది వాళ్ల ఉద్దేశం. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95తో ఆ టాస్క్‌బారూ, దాని మూలనున్న స్టార్ట్ బటనూ ప్రపంచమంతా పరిచయమయ్యాయి.

చూపున్నవాళ్లకే కిటికీ కింద కిటికీ మాయమైపోతే, చూపులేనివాళ్ల సంగతేమిటి? వాళ్లకి అన్ని కిటికీలూ మాయమైనట్టే కదా!

ఆ చిన్న గీత ఎవరి కోసం?

ఈ ప్రశ్నకి సగం జవాబు అంతకుముందే మెనూల్లో ఉంది. 1987లో ఐబీఎం కంపెనీ ‘కామన్ యూజర్ యాక్సెస్’ పేరుతో కొన్ని నియమాలు ప్రకటించింది. ఏ ప్రోగ్రామ్ ఎవరు తయారుచేసినా కీలు ఒకేలా పనిచేయాలన్నది వాటి సారాంశం. సహాయం కావాలంటే ఎఫ్1, కిటికీ మూయాలంటే ఆల్ట్‌తో ఎఫ్4... ఇవన్నీ అప్పటి ఒరవడే. మెనూ పేర్లలో ఒక్కో అక్షరం కింద గీత గీయడం కూడా ఆ నియమాల్లోదే. ‘ఫైల్’ అన్న ఇంగ్లిష్ మాటలో ఎఫ్ కింద గీత ఉందంటే ఆల్ట్ పట్టుకుని ఎఫ్ నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుందని అర్థం. అందులో ‘సేవ్’కి ఎస్ కింద గీత ఉంటే ఎస్ నొక్కాలి. అంతే, మౌస్‌తో పనిలేదు.

మౌస్ వాడటం అలవాటయ్యాక ఆ గీతల్ని ఎవరూ పట్టించుకోలేదు. తెర చూడ్డానికి నీటుగా ఉండాలని విండోస్ 2000 నుంచి వాటిని దాచేశారు కూడా. ఆల్ట్ నొక్కితేగానీ అవి బయటికి రావు. కానీ చూపులేని మనిషికి ఆ అక్షరాలే మైలురాళ్లు. మౌస్ వాడాలంటే బాణం ఎక్కడుందో కనిపించాలి. కీబోర్డుకి ఆ అవసరం లేదు. ఎఫ్ ఎప్పుడూ ఎఫ్ దగ్గరే ఉంటుంది. వేలితో తడిమి తెలుసుకోవడానికి ఎఫ్, జే కీలమీద చిన్న బొడిపె కూడా ఉంటుంది, కావాలంటే చూడండి.

బొమ్మలొచ్చాయి... బెంగ పెరిగింది

మిగతా సగం జవాబు మాట్లాడే సాఫ్ట్‌వేర్. దాన్ని ‘స్క్రీన్ రీడర్’ అంటారు. తెరమీదున్నది చదివి వినిపించడం దాని పని.

డాస్ రోజుల్లో ఆ పని తేలిక. అప్పటి తెరమీద 25 వరసలు, వరసకి 80 అక్షరాలు. అంటే మొత్తం 2000 గళ్లు. ఏ గడిలో ఏ అక్షరముందో కంప్యూటర్ మెమరీలో రాసి ఉండేది. దాన్ని తీసుకుని పైకి చదివితే సరిపోయేది. ఐబీఎంలో జిమ్ థాచర్ అనే శాస్త్రవేత్త 1980లలోనే అలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు.

టెడ్ హెంటర్‌ది ఇంకో కథ. ఆయన అమెరికాకి చెందిన మోటార్‌సైకిల్ రేసర్. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఇంజినీరింగ్ చదివినవాడు కాబట్టి దిగులుపడి కూర్చోకుండా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. బిల్ జాయిస్‌తో కలిసి 1987లో కంపెనీ పెట్టి, 1989లో ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్ విడుదల చేశాడు. ‘జాబ్ యాక్సెస్ విత్ స్పీచ్’ అన్న మాటల పొట్టి రూపం అది. మాటతో ఉద్యోగానికి దారి... పేరులోనే ఆశయం చెప్పాడన్నమాట!

అంతా బాగుందనుకునేసరికి విండోస్ విస్తరించింది. అక్కడ అక్షరాల గళ్లు లేవు. తెరంతా చుక్కలే. కంప్యూటర్ దృష్టిలో ‘సేవ్’ అన్న మాట కూడా ఓ బొమ్మే. డాస్ మీద చక్కగా ఉద్యోగాలు చేసుకుంటున్న చూపులేని వాళ్లకి, ఆఫీసు మొత్తం విండోస్‌కి మారితే తమ గతేంకాను అన్న బెంగ పట్టుకుంది. అక్షరాలు నేర్చుకుని పైకొచ్చాక అక్షరాలే లేకుండా చేసినట్టయింది.

స్క్రీన్ రీడర్లు తయారుచేసేవాళ్లు ఊరుకోలేదు. విండోస్ తెరమీద బొమ్మ గీసే ఆదేశాల్ని మధ్యలో పట్టుకుని, ఏ మూల ఏ మాట గీస్తోందో తెలుసుకుని, తెరకి నకలు లాంటిదాన్ని మెమరీలో తయారుచేశారు. 1995లో జాస్ విండోస్‌లోకీ అడుగుపెట్టింది. 1997లో మైక్రోసాఫ్ట్ ‘యాక్టివ్ యాక్సెసిబిలిటీ’ తెచ్చాక ఇంకో మార్గం దొరికింది. తెరమీది ప్రతి వస్తువూ తన గురించి తానే చెప్పుకోవచ్చు. ‘నేను బటన్‌ని, నా పేరు సేవ్’ అని.

ఆస్ట్రేలియా మిత్రుల కానుక

దారి దొరికింది కానీ టోలు రుసుం ఎక్కువ. మంచి స్క్రీన్ రీడర్ కొనాలంటే వందల డాలర్లు పెట్టాలి. మనలాంటి దేశాల్లో మధ్యతరగతి కుటుంబానికి అది కంప్యూటర్ ధరతో పోటీపడే ఖర్చు.

ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరికీ చూపులేదు. చిన్నప్పుడు చూపులేని పిల్లల సంగీత శిబిరంలో కలిసి స్నేహితులయ్యారు. చూపున్నవాళ్లు తెర చూడటానికి విడిగా డబ్బు కట్టడం లేదు కదా, మనమెందుకు కట్టాలి అన్నది వాళ్ల వాదన. 2006లో కరన్ ‘ఎన్‌వీడీఏ’ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. టే తోడయ్యాడు. అది పూర్తిగా ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు, స్నేహితులకి ఇవ్వచ్చు. దాంతోపాటు వచ్చే ‘ఈస్పీక్’ గొంతుకి తెలుగు చదవడం కూడా వచ్చు. ఉచ్చారణ మన పంతులుగారిలా ఉండకపోయినా విషయం తెలుస్తుంది. ఒక్క షరతు... టైపు చేసింది యూనికోడ్ తెలుగులో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాల వెనక దాగి ఉండేవి వేరే గుర్తులు. వాటిని చదివించబోతే అర్థంలేని శబ్దాలే వస్తాయి.

ఇదీ ఒక అవధానమే!

ఇంతకీ చూపులేని ఉద్యోగి పనిచేసే తీరు ఎలా ఉంటుంది? చెవిలో ఇయర్‌ఫోన్. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కగానే ‘ఉత్తరం, వర్డ్’ అంటుంది గొంతు. ఇంకోసారి నొక్కితే ‘లెక్కలు, ఎక్సెల్’. కావలసింది వినపడగానే ఆల్ట్ వదిలేస్తే అందులో ఉంటారు. ఆల్ట్, ఎఫ్ నొక్కితే ‘ఫైల్ మెనూ’ అంటుంది. కింది బాణం నొక్కుతూ పోతే ఒక్కో పేరూ చెబుతుంది. దారి తప్పితే ఎస్కేప్. ఎక్కడున్నామో అనుమానమొస్తే ఇన్సర్ట్‌తో టి నొక్కితే కిటికీ పేరు చెప్పేస్తుంది. అలవాటైనవాళ్లు గొంతు వేగాన్ని ఎంత పెంచుతారంటే పక్కన నిలబడ్డవాళ్లకి ఒక్క ముక్కా అర్థంకాదు.

ఆల్ట్, ట్యాబ్‌లకి ఓ లెక్కుంది. వంటింట్లో చివరిగా వాడిన డబ్బా ముందు వరసలోకొచ్చినట్టు, చివరిగా వాడిన ప్రోగ్రామ్ జాబితాలో ముందుకొస్తుంది. అందుకే ఒక్కసారి నొక్కితే ఇందాక వదిలిన చోటికే వెళతాం, మళ్లీ నొక్కితే వెనక్కొస్తాం. చూపున్నవాళ్లకి ఈ వరస గుర్తుండక్కర్లేదు, తెర చూపిస్తుంది. చూపులేనివాళ్లు మాత్రం ఏది ముందుంది, ఏది వెనకుంది, ఉత్తరం ఏ వాక్యం దగ్గర ఆగింది అన్నది బుర్రలోనే ఉంచుకోవాలి.

అష్టావధానం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు, మరోవైపు గంటలు మోగుతుంటాయి. అవధాని ఎవరి దగ్గర ఎంతవరకూ వచ్చిందీ మర్చిపోకుండా అక్కడ్నుంచే అందుకోవాలి. కాగితం ఉండదు, కలం ఉండదు. చివర్లో అన్ని పద్యాలూ అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. మధ్యలో మెయిల్ గంట మోగినా, తెరమీద ఏదో ప్రకటన ఊడిపడినా, వదిలిన వాక్యం దగ్గరికే వెళ్లే చూపులేని ఉద్యోగికి కావలసిందీ ఆ ధారణే. తేడా ఒక్కటే... ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్లుండరు.

పేరులేని బటన్

ఇంత సాధన చేసినా ఒక్కోసారి పని గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు బటన్‌కి బొమ్మ పెట్టి పేరు పెట్టడం మర్చిపోతే స్క్రీన్ రీడర్ ఏం చెప్పగలదు? ‘బటన్... బటన్... బటన్’ అంటుంది. అందులో ఏది డబ్బు పంపేదో, ఏది రద్దు చేసేదో! కొన్ని మెనూలు మౌస్ బాణం పైన నిలిపితేనే తెరుచుకుంటాయి. కొన్ని కిటికీల్లో ట్యాబ్ నొక్కుతూ పోతే ఒకచోట ఇరుక్కుపోతారు, బయటికి రాలేరు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందంటే అందరూ సౌకర్యం గురించి ఆలోచిస్తారు. వీళ్లు మాత్రం ‘రేపట్నుంచి నా పని నేను చేసుకోగలనా, ఇంకొకర్ని అడగాలా’ అని ఆలోచించాల్సి వస్తుంది.

జాగ్రత్త పడితే ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2007లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో పాత మెనూలు తీసేసి ‘రిబ్బన్’ పెట్టారు. అయితే పాత మెనూల కీల దారుల్లో చాలావాటిని అలాగే పనిచేయనిచ్చారు. ఏళ్ల తరబడి వేళ్లకి అలవాటైన దారి ఒక్కరోజులో మూసుకుపోలేదు.

చట్టం కూడా వీళ్ల పక్షానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో 1 శాతం చూపులేనివాళ్లకీ, చూపు తక్కువున్నవాళ్లకీ. కంప్యూటర్ సేవలు అందరికీ అందుబాటులో ఉండాలనీ చెప్పింది. బ్యాంకుల కేవైసీలో కెమెరా ముందు రెప్పలార్పమనడం లాంటి నిబంధనల మీద కొందరు కోర్టుకెళ్లారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది.

కోర్టు చెప్పినా, చట్టం చెప్పినా చివరికి బటన్‌కి పేరు పెట్టాల్సింది కంప్యూటర్ ముందు కూర్చున్న ఓ ప్రోగ్రామరే. మన హైదరాబాద్‌లో పుట్టి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల, తీవ్రమైన వైకల్యంతో పుట్టిన తన కొడుకు జైన్‌ని పెంచడం వల్లే ఇతరుల కష్టం అర్థమైందని 2017 నాటి తన పుస్తకంలో రాసుకున్నారు. తెలుగునాట ఇంటికో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్న రోజులివి. వాళ్లలో ఒక్కొక్కరూ తాము రాసిన ప్రోగ్రామ్‌ని విడుదలకి ముందు పది నిమిషాలు మౌస్ లేకుండా, తెర ఆపి వాడి చూస్తే చాలు. ఎక్కడ గోడ ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇంట్లో మొదలుపెట్టండిలా...

ఇంట్లోనో పక్కింట్లోనో చూపులేని, చూపు తగ్గుతున్న పిల్లలో పెద్దలో ఉంటే ఈ కొన్ని కీలతో మొదలుపెట్టచ్చు. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికే తాతయ్యకీ ఇవి పనికొస్తాయి.

* విండోస్ 10, 11లలో విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే అందులోనే ఉన్న ‘నేరేటర్’ మాట్లాడటం మొదలుపెడుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది.

* ఆల్ట్, ట్యాబ్‌తో తెరిచిన ప్రోగ్రాముల మధ్య తిరగొచ్చు. షిఫ్ట్ కూడా కలిపితే వెనక్కి వెళుతుంది.

* బ్రౌజర్‌లో ఒక పేజీ నుంచి పక్క పేజీకి వెళ్లాలంటే కంట్రోల్, ట్యాబ్.

* అన్ని కిటికీలూ పక్కకి నెట్టి డెస్క్‌టాప్‌కి రావాలంటే విండోస్, డి.

* కుడివైపు క్లిక్ చేస్తే వచ్చే మెనూ కావాలంటే షిఫ్ట్, ఎఫ్10.

* రెండు కీలు ఒకేసారి పట్టుకోవడం కష్టమైతే షిఫ్ట్ కీని ఐదుసార్లు వరసగా నొక్కాలి. ‘స్టిక్కీ కీస్’ ఆన్ చేయాలా అని అడుగుతుంది. సరేనంటే ఇక ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా కలిపి నొక్కినట్టే. ఒంటిచేత్తో పనిచేసేవాళ్లకి ఇది వరం.

మొదటిరోజే అన్నీ నేర్పకండి. రెండు ప్రోగ్రాములు తెరిచి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లి రావడం ఒక్కటే నేర్పండి. వెళ్లిన చోటి నుంచి తిరిగి రాగలనన్న ధైర్యం వస్తే మిగతావి వాళ్లే నేర్చుకుంటారు. నేర్పేముందు మాత్రం మీరూ ఒకసారి మానిటర్ ఆపి కూర్చోండి!